ఆఫ్టర్‌మార్కెట్ ఈసీయూకు ఆయిల్ ఉష్ణోగ్రత సెన్సర్ వైరింగ్: అంకె సున్నా దగ్గరే నిలిచిపోయింది, సలహా కావాలి

పెరంబూరు ఎస్టీమ్ (చెన్నై)
శనివారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నా బండి 16 వాల్వుల, 1298 సీసీ మారుతి ఎస్టీమ్ కారు. కంపెనీ ఈసీయూను (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌ను) తీసివేసి పోయిన సంవత్సరం ఆర్డ్యూనో బోర్డు మీద నడిచే స్పీడ్యూనో ఈసీయూ బిగించుకున్నాను. పెట్రోలు మ్యాపు, ఇగ్నిషన్ టైమింగు రెండూ ఇప్పుడు నిలకడగా ఉన్నాయి. నాలుగైదు నెలలకొకసారి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు తీసుకువెళ్తాను. క్రితంసారి ఆరు ల్యాపుల తరవాత పిట్‌లోకి వచ్చి నిలిపినప్పుడు, ఐడిలింగ్‌లో ఆయిల్ ప్రెషర్ ఎప్పుడూ చూసేదానికంటే బాగా తక్కువగా కనిపించింది. కూలెంట్ మాత్రం 92 డిగ్రీల దగ్గరే ఉంది. ఆయిల్ ఎంత వేడెక్కుతోందో తెలుసుకోకుండా మళ్లీ ట్రాక్ ఎక్కకూడదని నిర్ణయించుకున్నాను.

అందుకని బాష్ వారి రెండు పిన్నుల ఎన్‌టీసీ సెన్సర్ కొన్నాను. దాని మర ఎం12×1.5. ఆయిల్ ఫిల్టరుకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య శాండ్‌విచ్ ప్లేట్ వేయించి, సెన్సర్‌ను అందులో బిగించాను. సెన్సర్ నుంచి వచ్చే ఒక వైరును బోర్డు మీద ఖాళీగా ఉన్న అనలాగ్ ఇన్‌పుట్‌కూ, రెండో వైరును హెడ్‌లైట్ పక్కనున్న బాడీ బోల్టుకూ కలిపాను. లాప్‌టాప్‌లో చూస్తే అంకె సున్నా లేదా ఒకటి దగ్గర నిలిచిపోయింది. ఇంజన్ ఎంత వేడెక్కినా కదలడం లేదు. సెన్సర్ కనెక్టర్‌ను ఊడదీస్తే మాత్రం అంకె తనంతట తాను పైకీ కిందికీ ఊగుతోంది. సెన్సర్ చెడిపోయిందా? మార్చి మరొకటి కొనమంటారా?

తీగలమేస్త్రి (చెన్నై)
శనివారం, రాత్రి 10:25

కొత్తది కొనవద్దు. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కనెక్టర్ ఊడదీసి, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, సెన్సర్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. ఆ సమయంలో గది వేడి ఎంతో కూడా రాయండి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి నాకు తోస్తున్నది ఇది. ఎన్‌టీసీ సెన్సర్ తనంతట తాను వోల్టేజిని పుట్టించదు. అది వేడిని బట్టి విలువ మారే రెసిస్టర్ మాత్రమే. వేడి పెరిగేకొద్దీ దాని ఓమ్‌లు తగ్గుతాయి. ఈసీయూ కొలిచేది మాత్రం వోల్టేజిని. కనుక 5 వోల్టుల సరఫరా నుంచి ఒక స్థిరమైన రెసిస్టర్ ద్వారా సిగ్నల్ వైరుకు కరెంటు అందించాలి. అప్పుడు ఆ 5 వోల్టులను స్థిరమైన రెసిస్టరూ సెన్సరూ పంచుకుంటాయి, సెన్సర్ వాటాకు వచ్చిన వోల్టేజిని ఈసీయూ చదువుతుంది. ఆ స్థిరమైన రెసిస్టర్‌నే పుల్-అప్ అంటాము. కూలెంట్, గాలి ఉష్ణోగ్రతల ఇన్‌పుట్‌లకు మీ బోర్డు మీద అది ముందే ఉంది, విలువ 2490 ఓమ్‌లు. ఖాళీ ఇన్‌పుట్‌కు లేదు. పైనుంచి వోల్టేజి ఇచ్చేది ఏదీ లేనప్పుడు, సెన్సర్ ఆ పిన్నును ఎర్త్‌కు లాగేస్తుంది, అంకె సున్నా అవుతుంది. సెన్సర్‌ను ఊడదీస్తే పిన్ను దేనికీ కట్టుబడదు కాబట్టి చుట్టుపక్కల వైర్ల ప్రభావానికి ఊగుతుంది. మీరు రాసిన రెండు లక్షణాలూ అక్షరాలా ఇవే.

పెరంబూరు ఎస్టీమ్
ఆదివారం, ఉదయం 7:40

కొలిచాను. గది వేడి 30 డిగ్రీలు, సెన్సర్ 1,720 ఓమ్‌లు చూపింది.

థర్మిస్టర్ (బెంగళూరు)
ఆదివారం, ఉదయం 9:05

ఆ సెన్సర్ ఆరోగ్యంగా ఉంది. ఈ రకం బాష్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు, 40 దగ్గర సుమారు 1,175, 60 దగ్గర 596, 80 దగ్గర 323, 100 దగ్గర 186, 120 దగ్గర 113, 140 దగ్గర 71 ఓమ్‌లు ఇస్తుంది. 30 డిగ్రీలకు 1,700 పైచిలుకు రావడం సరైనదే. ఈ అంకెలను ఒకసారి నిదానంగా చూడమని కోరుతున్నాను, ఎందుకంటే ఈ వైరింగ్‌లోని కష్టమంతా ఇందులోనే ఉంది. 20 నుంచి 40 డిగ్రీలకు వెళ్లేటప్పుడు 1,300 ఓమ్‌లకు పైగా తేడా వస్తోంది. మనకు నిజంగా కావలసిన 120, 140 డిగ్రీల మధ్య మాత్రం తేడా 42 ఓమ్‌లే.

ఇప్పుడు పుల్-అప్ విలువ సంగతి. బోర్డులో కూలెంట్‌కు వాడిన 2490 ఓమ్‌లనే దీనికీ వాడితే, 120 డిగ్రీల దగ్గర సిగ్నల్ 0.217 వోల్టులు, 140 దగ్గర 0.139 వోల్టులు ఉంటుంది. స్పీడ్యూనోలోని ఆర్డ్యూనో మెగా 5 వోల్టులను 1,024 మెట్లుగా విభజించి చదువుతుంది, అంటే ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు. ఆ 20 డిగ్రీల మేరకూ మీకు దొరికేవి 16 మెట్లు. అదే 1,000 ఓమ్‌లు వాడితే 0.508 నుంచి 0.332 వోల్టులకు దిగుతుంది, 36 మెట్లు దొరుకుతాయి. ఇన్నేళ్లలో నేను చూసిన ఆయిల్ సెన్సర్ల వైరింగ్‌లో సగానికి పైగా, కూలెంట్ కోసం ఎంచిన విలువనే ఆలోచించకుండా ఆయిల్‌కూ వాడినవి. కూలెంట్ 110 దాటితే ఎలాగూ బండి ఆపుతాము. ఆయిల్ విషయంలో అసలు ప్రశ్నలు మొదలయ్యేదే అక్కడ.

1,000 ఓమ్‌ల, ఒక శాతం తేడా గల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ తీసుకోండి. దాన్ని ఇంజన్ దగ్గర వైరు మధ్యలో కాక, ఈసీయూ డబ్బా లోపలే టంకం వేయండి. అప్పుడు బయట సిగ్నల్ వైరు ఒరుసుకుపోయి బ్లాకుకు తగిలినా, 5 వోల్టుల లైను నుంచి 5 మిల్లీ ఆంపియర్లకు మించి పోదు, ఈసీయూ ఆగిపోదు. పుల్-అప్‌కు ఇచ్చే 5 వోల్టులు ఈసీయూ తన కొలతకు ప్రమాణంగా వాడే 5 వోల్టులే కావాలి. అలా ఉంటే ఆ సరఫరా 4.9కి పడిపోయినా నిష్పత్తి మారదు, అంకె మారదు. పిన్నుకు ముందు ఒక చిన్న సిరీస్ రెసిస్టరూ, పిన్ను నుంచి ఎర్త్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరూ పెడితే ఇగ్నిషన్ గోల తగ్గుతుంది, పిన్నుకు రక్షణ కూడా.

సోలవరం అభిమాని (చెన్నై)
ఆదివారం, మధ్యాహ్నం 12:15

నాదొక సందేహం. నా బండిలో డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ ఉష్ణోగ్రత గేజీ ఇప్పటికే ఉంది, దాని సెన్సర్‌కు ఒకే వైరు. ఆ వైరుకు మధ్యలో జాయింటు వేసి ఈసీయూకు కూడా ఇవ్వవచ్చునా? సోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద పందేలు జరిగిన కాలం నుంచి ఈ పిచ్చి ఉన్నవాణ్ణి నేను. అప్పట్లో చాలా బండ్లలో ఉండేది సన్నని రాగి గొట్టం నేరుగా గేజీ దాకా వచ్చే మెకానికల్ రకం. ఈ కొత్త పద్ధతులు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

తీగలమేస్త్రి
ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇవ్వకూడదండి. గేజీ తన లోపలి నుంచి ఆ సెన్సర్‌కు తనదైన వోల్టేజిని పంపి కొలుస్తుంది. ఈసీయూ పుల్-అప్ కూడా అదే వైరు మీదికి వస్తే రెండూ ఒకదాని లెక్కను మరొకటి పాడుచేస్తాయి, రెండూ అబద్ధం చెబుతాయి. కొన్ని గేజీలు 12 వోల్టుల మీద పనిచేస్తాయి. అది నేరుగా ఈసీయూ పిన్నుకు చేరితే పిన్ను కాలిపోతుంది. పైగా ఒకే వైరు ఉన్న సెన్సర్‌కు ఎర్త్ దాని మర ద్వారానే వస్తుంది. మరకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించిన చోట ఆ ఎర్త్ ఒక్కోసారి అందుతుంది, ఒక్కోసారి అందదు. ఈసీయూకు రెండు వైర్ల సెన్సర్ విడిగా పెట్టుకోండి. శాండ్‌విచ్ ప్లేట్లకు సాధారణంగా రెండు మూడు రంధ్రాలు ఉంటాయి, రెండింటికీ చోటు దొరుకుతుంది.

అంబత్తూరు లేత్ (చెన్నై)
ఆదివారం, సాయంత్రం 6:50

మర సంగతి వచ్చింది కనుక ఒక హెచ్చరిక చేయాలి. కొసకు సన్నబడే పైపు మరల్లో, అమెరికన్ రకం 1/8 ఎన్‌పీటీ మరకు అంగుళానికి 27 పళ్లు, కోణం 60 డిగ్రీలు. బ్రిటిష్ రకం 1/8 బీఎస్‌పీటీకి అంగుళానికి 28 పళ్లు, కోణం 55 డిగ్రీలు. చేతితో తిప్పితే రెండు మూడు చుట్లు ఒకదానిలో ఒకటి చక్కగా ఎక్కుతాయి. ఆ తరవాత పట్టుకున్నట్లు అనిపిస్తుంది, బిగిసిందనుకుంటాము. అల్యూమినియం ప్లేట్‌లో అలా స్పానర్‌తో బలంగా తిప్పి పగలగొట్టుకున్న ప్లేట్లు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. పగలకపోతే ఆయిల్ కారుతుంది, అది కారేది సరిగ్గా ఎగ్జాస్ట్ పైకి. పెరంబూరు ఎస్టీమ్ గారి సెన్సర్ మర ఎం12×1.5, కొస దాకా ఒకే మందం గల మర, కనుక ఆ చిక్కు లేదు. దానికి ఆయిల్ కారకుండా ఆపేది రాగి వాషరే, టేపు అవసరం లేదు. అయితే ప్లేట్ కొనేటప్పుడు ఫిల్టరు మరను కూడా చూసుకున్నారా? కొన్ని బండ్లకు ఎం20×1.5, మరికొన్నిటికి 3/4 అంగుళం 16 పళ్ల మర. పైకి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

సెన్సర్ స్థానం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. డ్రెయిన్ బోల్టు స్థానంలో పెడితే సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఉన్న ఆయిల్ వేడి తెలుస్తుంది, ఆ కొలత మంచిదే. కానీ మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లకు సంప్ కింది నుంచి పొడుచుకు వచ్చిన సెన్సర్ ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేము. అది విరిగితే ఆయిల్ మొత్తం రోడ్డు మీదే పోతుంది. ప్రెషర్ స్విచ్ దగ్గర టీ జాయింటు వేసి దాని కొసన ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టడం అన్నింటికంటే సులువు, అన్నింటికంటే చెడ్డది. ఆ కొసన ఆయిల్ ప్రవహించదు, నిలిచి ఉంటుంది. అక్కడ మీరు చూసేది టీ జాయింటు వేడిని మాత్రమే. ఫిల్టరు దగ్గర ప్రవాహంలోకి సెన్సర్ కొస చొచ్చుకుని ఉండేలా పెట్టడమే నేను చేసే పద్ధతి.

పెరంబూరు ఎస్టీమ్
మంగళవారం, రాత్రి 11:20

అందరికీ కృతజ్ఞతలు. ఫిల్టరు మర ముందే సరిచూసుకున్నాను. నిన్న రిచీ వీధికి, అంటే ఇక్కడి ఎలక్ట్రానిక్ విడిభాగాల బజారుకు, వెళ్లే వీలు చిక్కలేదు. కిట్‌తో వచ్చిన 2490 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఇంట్లో ఉంటే, ప్రస్తుతానికి దాన్నే డబ్బా లోపల టంకం వేశాను. అంకె ఇప్పుడు కదులుతోంది! ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 31 డిగ్రీలు చూపింది, వాతావరణానికి సరిపోయింది.

ఈ రాత్రి బండిని బైపాస్ మీద కొంచెం గట్టిగా నడిపి వచ్చాను. ఆయిల్ 113, 115 దాకా వెళ్లింది. ఇంటి ముందు ఐడిలింగ్‌లో ఉంచి చూస్తుంటే ఒక విషయం గమనించాను. రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుకాగానే ఆయిల్ ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఏడెనిమిది డిగ్రీలు తగ్గి 107 దగ్గరకు వస్తోంది. ఫ్యాన్ ఆగగానే మళ్లీ పైకి వెళ్తోంది. ఫిల్టరు రేడియేటర్ వెనుకే ఉంది కాబట్టి ఫ్యాన్ గాలి ఫిల్టరును చల్లబరుస్తోందని అనుకుంటున్నాను. ఇది సరైనదేనా? అలా అయితే ఆయిల్ కూలర్ అవసరం లేకపోవచ్చునేమో.

థర్మిస్టర్
బుధవారం, ఉదయం 6:30

ఆ ఆలోచనను ఇక్కడే ఆపండి. కూలర్ వద్దనే నిర్ణయం అసలే వద్దు.

ఒక చిన్న లెక్క వేద్దాము. మీ ఇంజన్‌లో ఆయిల్ సుమారు మూడున్నర లీటర్లు, అంటే దాదాపు 3 కిలోలు. ఒక కిలో ఆయిల్‌ను ఒక డిగ్రీ చల్లార్చడానికి సుమారు 2.1 కిలోజౌళ్ల వేడి తీసివేయాలి. మొత్తం ఆయిల్ 8 డిగ్రీలు తగ్గాలంటే 50 కిలోజౌళ్లు. అది ఒక్క సెకనులో జరగాలంటే 50 కిలోవాట్ల వేడి బయటికి పోవాలి. మీ ఇంజన్ పూర్తి థ్రాటిల్‌లో చక్రాలకు ఇచ్చే శక్తితో సమానమైన స్థాయి అది. ఒక చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ గాలి, ఫిల్టరు రేకు మీద నుంచి అంత వేడిని సెకనులో ఎలా తీసుకుపోగలదు? ఫ్యాన్ ఆగగానే అంతే వేడి తిరిగి ఎక్కడి నుంచి వస్తుంది? ఆయిల్ వేడి అంత వేగంగా మారదు. మారింది వోల్టేజి మాత్రమే.

తీగలమేస్త్రి
బుధవారం, ఉదయం 8:15

సరిగ్గా చెప్పారు. పెరంబూరు ఎస్టీమ్ గారూ, మీ మొదటి పోస్టులోనే రాశారు: సెన్సర్ రెండో వైరును హెడ్‌లైట్ పక్కన బాడీ బోల్టుకు కలిపానని. ఆ రోజే నేను అడ్డుచెప్పవలసింది, పుల్-అప్ ధ్యాసలో పడి వదిలేశాను. రేడియేటర్ ఫ్యాన్ ఎర్త్ కూడా ఆ దగ్గర్లోనే ఎక్కడో కలిసి ఉంటుంది.

ఫ్యాన్ తిరిగేటప్పుడు పది ఆంపియర్లో అంతకంటే ఎక్కువో కరెంటు ఆ బోల్టు గుండా, బాడీ రేకు గుండా, ఇంజన్‌ను బాడీతో కలిపే ఎర్త్ పట్టీ గుండా ఆల్టర్నేటర్‌కు తిరిగి చేరాలి. ఆ దారిలో ప్రతి జాయింటుకూ కొద్దిపాటి రెసిస్టెన్స్ ఉంటుంది. మిల్లీ ఓమ్‌లే కావచ్చు, కానీ పది ఆంపియర్లకు ఐదు మిల్లీ ఓమ్‌లు చాలు 50 మిల్లీవోల్టులు పుట్టడానికి. అంటే మీ సెన్సర్ నిలబడిన నేలే (ఎర్త్) 50 మిల్లీవోల్టులు పైకి లేస్తుంది. ఈసీయూ ఎర్త్ ఇంజన్ బ్లాకు మీద ఉన్నది కనుక, ఈసీయూకు ఆ ఎత్తు సెన్సర్ సిగ్నల్‌లో భాగంగానే కనిపిస్తుంది. ఎన్‌టీసీలో వోల్టేజి పెరగడం అంటే వేడి తగ్గడం. అందుకే ఆయిల్ చల్లబడినట్లు కనిపించింది.

ఈరోజు రాత్రి ఇలా కొలవండి. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టుల మీద పెట్టి, ఒక కొసను ఆ బాడీ బోల్టు మీద, రెండో కొసను ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్ను మీద పెట్టండి. ఇంజన్ నడుస్తూ ఉండగా ఫ్యాన్ లేకుండా ఒకసారి, ఫ్యాన్‌తో ఒకసారి, హెడ్‌లైట్లు కూడా వేసి మరొకసారి చదవండి. ఫ్యాన్ రెక్కలకు వైర్లు, చేతులు దూరంగా ఉంచండి.

పెరంబూరు ఎస్టీమ్
బుధవారం, రాత్రి 10:45

ఫ్యాన్ లేకుండా 6 మిల్లీవోల్టులు. ఫ్యాన్‌తో 53. హెడ్‌లైట్లు కూడా వేస్తే 71. మీరు చెప్పినట్లే ఫ్యాన్ ఎర్త్ వైరు అదే బోల్టు కింద ఉంది.

థర్మిస్టర్
గురువారం, ఉదయం 6:10

ఇక మిగిలిన లెక్క పూర్తి చేస్తాను. ఆయిల్ నిజంగా 115 డిగ్రీలు ఉందనుకుందాము. సెన్సర్ సుమారు 127 ఓమ్‌లు, 2490 పుల్-అప్‌తో సిగ్నల్ 0.243 వోల్టులు. నేల 53 మిల్లీవోల్టులు లేస్తే సిగ్నల్ 0.293 వోల్టుల దాకా వస్తుంది. వోల్టేజిని డిగ్రీలుగా మార్చే మీ లాప్‌టాప్ పట్టికలో ఆ వోల్టేజికి ఉన్న ఉష్ణోగ్రత 107. మీరు చూసినది అదే. 1,000 ఓమ్‌ల పుల్-అప్ ఉంటే ఇదే తప్పు సుమారు నాలుగు డిగ్రీలకు తగ్గేది, కానీ పోయేది కాదు.

ఈ తప్పు దిశ గురించి నాకు నిజమైన భయం ఉంది. ఇది ఆయిల్‌ను ఉన్నదానికంటే చల్లగా చూపిస్తుంది. అదీ ఫ్యాన్ తిరిగేంత వేడి ఉన్నప్పుడు, అంటే మీకు నిజం అత్యవసరంగా కావలసిన క్షణంలో. వేడి ఎక్కువ చూపే తప్పు ఉంటే మీరు బండి ఆపి వెతికేవారు. తక్కువ చూపే తప్పు మీకు ధైర్యం చెబుతుంది, మీరు ఇంకో రెండు ల్యాపులు వేస్తారు. ఇందువల్లే బేరింగులు పోయిన ఇంజన్లను నేను చూశాను.

తీగలమేస్త్రి
గురువారం, ఉదయం 7:55

మందు సులువు. సెన్సర్ రెండో వైరును బాడీ మీద, బ్లాకు మీద ఎక్కడా కలపకుండా నేరుగా ఈసీయూ సెన్సర్ ఎర్త్ పిన్ను దాకా తీసుకురండి. కూలెంట్ సెన్సర్, థ్రాటిల్ సెన్సర్ ఎర్త్‌లు ఏ పిన్నుకు చేరతాయో అదే. ఈసీయూ లోపల అది తన కొలత నేలతో కలిసి ఉంటుంది. ఆ వైరులో సెన్సర్ల మిల్లీ ఆంపియర్లు తప్ప మరే కరెంటూ పోకూడదు. అదే పిన్నుకు ఇంజెక్టర్ల ఎర్త్ గానీ, రిలే ఎర్త్ గానీ కలపకండి, అలా కలిపితే ఇదే జబ్బును లోపలికి తెచ్చుకున్నట్లే.

రెండు వైర్లనూ ఒకదానితో ఒకటి మెలివేసి తీసుకురండి. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. ప్లగ్ వైర్లకూ కాయిల్‌కూ ఆల్టర్నేటర్ మందపు వైరుకూ వీలైనంత దూరంగా, ఎగ్జాస్ట్ వైపు కాకుండా తిప్పండి. కనెక్టర్ పిన్నులకు సరైన క్రింపింగ్ (నొక్కి బిగించడం) చేయండి. టంకం వేసిన చోట వైరు బిరుసెక్కి, ఇంజన్ అదురుకు సరిగ్గా ఆ అంచున విరుగుతుంది. కనెక్టర్ వెనుక ఒక అరచేతి దూరంలో వైరును క్లిప్‌తో పట్టించండి.

పెరంబూరు ఎస్టీమ్
శనివారం, సాయంత్రం 5:30

పని పూర్తయింది. రిచీ వీధిలో 1,000 ఓమ్‌ల రెసిస్టర్లు తెచ్చి పుల్-అప్ మార్చాను, ఎర్త్ వైరును ఈసీయూ పిన్ను దాకా లాగాను. ఇప్పుడు ఫ్యాన్ తిరిగినా, హెడ్‌లైట్లు వేసినా అంకె ఒక్క మెట్టు కూడా కదలడం లేదు.

కాని నా పట్టిక సరిగా ఉందో లేదో ఎలా నిర్ధారించుకోవాలి? సెన్సర్‌ను మరిగే నీళ్లలో పెట్టి చూడమని ఒక మిత్రుడు అన్నాడు.

థర్మిస్టర్
శనివారం, రాత్రి 8:20

మరిగే నీళ్ల పరీక్ష మంచిదే, మీరు చెన్నైలో సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్నారు కనుక 100 డిగ్రీలని నమ్మవచ్చు. నేను బెంగళూరులో ఉన్నాను. ఇక్కడ 900 మీటర్లకు పైగా ఎత్తు కాబట్టి నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఇక్కడి మిత్రులు కొందరు ఆ సంగతి మరచి, బాగున్న సెన్సర్‌ను తప్పుపట్టి పట్టికను పాడుచేసుకున్నారు. సెన్సర్ కొస గిన్నె అడుగును తాకకుండా వేలాడదీయండి. రెండో బిందువుగా, దంచిన మంచుముక్కలలో కొద్దిగా నీళ్లు పోసి బాగా కలిపితే సున్నా డిగ్రీలు దొరుకుతాయి. అక్కడ 5,900 ఓమ్‌ల దగ్గర రావాలి.

వైరింగ్‌ను మాత్రం సెన్సర్‌తో ప్రమేయం లేకుండా విడిగా పరీక్షించే దారి మరొకటి ఉంది, నాకు అదే ఎక్కువ ఇష్టం. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, ఆ రెండు పిన్నుల మధ్య మామూలు రెసిస్టర్ పెట్టండి. 330 ఓమ్‌లు పెడితే సుమారు 79 డిగ్రీలు, 180 పెడితే 101, 68 పెడితే 142 చూపాలి. మూడూ సరిగా వస్తే కనెక్టర్ నుంచి తెర దాకా అంతా బాగున్నట్లు. ఆ తరవాత తేడా వస్తే అది సెన్సర్‌దే. ఒకటి రెండు రూపాయల రెసిస్టర్లతో మరిగే నూనె జోలికి పోకుండా 140 డిగ్రీల దాకా పరీక్ష జరిగిపోతుంది.

పెరంబూరు ఎస్టీమ్
ఆదివారం, ఉదయం 11:00

79, 101, 141 వచ్చాయి. మరిగే నీళ్లలో 99. మనసు కుదుటపడింది.

జేసీ రోడ్డు (బెంగళూరు)
ఆదివారం, మధ్యాహ్నం 3:40

ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. నా బండిలోనూ ఇదే బోర్డు. ఆయిల్ వేడెక్కితే ఈసీయూనే హెచ్చరిక దీపం వెలిగించేలా చేయాలంటే ఏ విలువ పెట్టాలి? వైరు తెగిపోతే ఏమవుతుంది?

థర్మిస్టర్
ఆదివారం, రాత్రి 9:15

ఆ ఖాళీ ఇన్‌పుట్‌ను ఈసీయూ 0 నుంచి 1,023 దాకా ఉండే ముడి అంకెగానే తీసుకుంటుంది, డిగ్రీలుగా మార్చేది లాప్‌టాప్‌లోని పట్టిక. కనుక హెచ్చరికను కూడా ముడి అంకెలోనే రాసుకోవాలి. 1,000 ఓమ్‌ల పుల్-అప్‌తో ఈ సెన్సర్‌కు 20 డిగ్రీలంటే 731, 60 అంటే 382, 80 అంటే 250, 100 అంటే 160, 120 అంటే 104, 130 అంటే 84, 140 అంటే 68. అంకె తగ్గేకొద్దీ వేడి పెరుగుతుందని మరవకండి; 'కంటే ఎక్కువ' అని పెట్టవలసిన చోట 'కంటే తక్కువ' అని పెట్టాలి. నేను 84కు దిగగానే దీపం వెలిగేలా పెట్టుకున్నాను. మీరు వాడే ఆయిల్ రకాన్ని బట్టి ఇంకా ముందే పెట్టుకోవచ్చు.

మీ రెండో ప్రశ్న చాలా అవసరమైనది. వైరు తెగితే పుల్-అప్ ఆ పిన్నును 5 వోల్టులకు లాగుతుంది, అంకె 1,023కు వెళ్తుంది, తెర మీద మైనస్ 40 డిగ్రీలు కనిపిస్తుంది. ఈసీయూకు అది గడ్డకట్టిన ఆయిల్, అపాయం లేని స్థితి. హెచ్చరిక దీపం ఎప్పటికీ వెలగదు. అందుకని 875 దాటితే కూడా దీపం వెలగాలని రెండో నియమం రాయండి. 875 అంటే సున్నా డిగ్రీలు, చెన్నైలో గానీ బెంగళూరులో గానీ ఇంజన్ ఆయిల్ సున్నాకు దిగే రోజు ఉండదు. సిగ్నల్ వైరు బ్లాకుకు తగిలితే అంకె సున్నా అవుతుంది, దానికి మొదటి నియమమే దీపం వెలిగిస్తుంది. దీపం వెలిగేలా మాత్రమే పెట్టండి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేలా పెట్టకండి. ఫ్లైఓవర్ మీద లారీల మధ్య ఒక కనెక్టర్ వదులైనందుకు ఇంజన్ ఆగడం, వేడి ఆయిల్ కంటే పెద్ద ప్రమాదం.

సోలవరం అభిమాని
సోమవారం, ఉదయం 7:20

చల్లని ఆయిల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. తెల్లవారుజామున కూలెంట్ ముల్లు మధ్యకు రాగానే ఇంజన్ సిద్ధమైందని గట్టిగా తొక్కేవారు ఎంతోమంది. ఆయిల్ ఇంకా 50 డిగ్రీల దగ్గర చిక్కగా ఉంటుంది. పెరంబూరు ఎస్టీమ్ గారూ, మీ కొత్త సెన్సర్ ఆ విషయంలో ఏమి చెబుతోంది?

పెరంబూరు ఎస్టీమ్
సోమవారం, రాత్రి 9:50

మీరు అడిగారని ఈ ఉదయం ప్రత్యేకంగా చూశాను. కూలెంట్ 85కు చేరినప్పుడు ఆయిల్ 58. ఆయిల్ 80కి చేరడానికి నెమ్మదైన ట్రాఫిక్‌లో ఇంకో ఎనిమిది నిమిషాలు పట్టింది. ఇన్నేళ్లుగా ఆ ఎనిమిది నిమిషాలలో నేను ఇంజన్‌ను ఎలా నడిపానో తలచుకుంటే బాధ కలిగింది. ఆయిల్ 60 దాటేదాకా 3,500 ఆర్‌పీఎం మించనని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

పెరంబూరు ఎస్టీమ్
రెండు వారాల తరవాత, ఆదివారం, రాత్రి 8:30

ఈరోజు ట్రాక్‌కు వెళ్లి వచ్చాను. మధ్యాహ్నపు ఎండలో ఆరు ల్యాపులు. ఆయిల్ రెండో ల్యాపుకు 105, నాలుగో ల్యాపుకు 118, ఆరో ల్యాపు చివరికి 127. కూలెంట్ మొత్తం సేపూ 91, 94 మధ్యనే ఉంది. పిట్‌లో ఐడిలింగ్ ప్రెషర్ క్రితంసారి లాగానే తక్కువగా ఉంది, 100కు దిగాక మామూలు స్థితికి వచ్చింది. కారణం ఇప్పుడు కళ్ల ముందు ఉంది. పాత ఎర్త్‌తో, పాత పుల్-అప్‌తో వెళ్లి ఉంటే ఫ్యాన్ తిరుగుతుండగా 116, 117 చూసి ఇంకా నాలుగు ల్యాపులు వేసేవాణ్ణి. ఆయిల్ కూలర్ పెట్టించాలి. అంబత్తూరు లేత్ గారూ, ఈ శాండ్‌విచ్ ప్లేట్‌కే పైపులు కలపవచ్చునా?

అంబత్తూరు లేత్
ఆదివారం, రాత్రి 10:05

మీ ప్లేట్‌కు సెన్సర్ రంధ్రాలే ఉన్నాయి, ఆయిల్ బయటికి పోయి తిరిగి వచ్చే దారులు లేవు. వేరే ప్లేట్ కావాలి. థర్మోస్టాట్ ఉన్న రకం తీసుకోండి. అది లేకపోతే ఆయిల్ తెల్లవారుజామున కూడా కూలర్ గుండానే తిరిగి, మీ ఎనిమిది నిమిషాలు ఇంకా పెరుగుతాయి. సెన్సర్‌ను కూలర్ నుంచి తిరిగి వచ్చే దారిలో కాక, ఇంజన్ నుంచి కూలర్‌కు పోయే దారి వైపు పెట్టేలా ప్లేట్ ఎంచుకోండి. ఆయిల్ ఎంత వేడెక్కిందో తెలిసేది అక్కడే. మర ఎం12×1.5 కాకపోతే ప్లేట్‌నూ సెన్సర్‌నూ తీసుకుని షెడ్‌కు రండి, ట్యాప్‌తో మర కోసి ఇస్తాను.